అడ్డబండ లెక్క

నాకు జ్ఞాపకశక్తి తక్కువ. నిన్న ఏం కూర వండానో అడిగితే కాసేపు ఆలోచించుకోవాలి. కానీ మా అమ్మను దొంగ అన్న మనిషి ఆ రోజు ఏ చొక్కా వేసుకున్నాడో ఇప్పటికీ చెప్పగలను. తెల్ల చొక్కా, నీలం గీతలు, కాలరు పక్కన పాన్ మరక. మంచి విషయాలు మరిచిపోయినా నాకు ఫికర్ లేదు. ఇలాంటివి మాత్రం మరిచిపోకుండా జాగ్రత్తగా దాచుకున్నాను.

ఈ మధ్య వికారాబాదులో మా కింది వాటాలో ఉండే అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుని ఆఫీసు లెక్క ఏదో చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను. ఊరి పేరు, పక్కన అంకె, మళ్లీ ఊరి పేరు, మళ్లీ అంకె. ధారూర్‌వి కొన్ని, నవాబుపేటవి కొన్ని, పరిగివి కొన్ని. ఏదో నొక్కింది. ఒక్కో ఊరు ముగిసిన చోట ఒక అడ్డ వరస వచ్చి కూర్చుంది, ఆ ఊరి మొత్తం అందులో ఉంది. అన్నిటికీ కలిపిన మొత్తం అడుగున ఉంది.

"ముందు ఊళ్ల వారీగా పేర్చుకోవాలి ఆంటీ. కలగాపులగంగా ఉంటే మొత్తాలు ముక్కలు ముక్కలుగా వస్తాయి," అంది.

"మరి ఈ మధ్యలో వచ్చిన మొత్తాలు కూడా అడుగు మొత్తంలో కలిసిపోవా? లెక్క రెండింతలు కాదా?"

"కలపదు ఆంటీ. దానికి తెలుసు."

దానికి తెలుసట! ఆ మాటకు ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే, అమ్మను దొంగ అన్న ఆ సేటు బామ్మర్ది గుర్తొచ్చి ఒళ్లు మండింది. ఆ అమ్మాయి ఇచ్చిన చాయ్ కూడా సగం అక్కడే వదిలేసి పైకి వచ్చేశాను.

డెబ్బైల నడుమ మాట ఇది. తాండూరులో రైలు పట్టాలకు కాస్త ఎడంగా ఒక బండల డిపో ఉండేది. చుట్టుపక్కల గనుల నుంచి నాపరాళ్లు లారీల్లో వచ్చి అక్కడ దిగేవి, అక్కడి నుంచి కొన్నవాళ్ల ఊళ్లకు పోయేవి. మా నాన్న గనిలో రాయి కొట్టీ కొట్టీ, ఆ దుమ్ము ఛాతీలో నిండి పోయాడు. ఆయన పోయాక డిపో యజమాని సేటు మా అమ్మను పనిలో పెట్టుకున్నాడు. బండలు దించి పేర్చే ఆడవాళ్ల ముఠాకు ఆమే పెద్ద. డిపో గోడకు ఆనుకునే మా ఇల్లు, కాబట్టి గేటు తాళంచెవి, వెనక రేకుల షెడ్డు తాళంచెవి కూడా ఆమె కొంగుకే ఉండేవి. ఆ రెండు తాళంచెవులంటే ఆమెకు ఎంత గర్వమో! నడుస్తుంటే గలగలమనాలని కావాలనే ఒకే ముడిలో కట్టుకునేది.

నేను వికారాబాదులో పెద్దమ్మ ఇంట్లో ఉండి పదో తరగతి చదివి తిరిగొచ్చాను. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని సేటు నన్ను కూడా పనిలో పెట్టుకున్నాడు. పనేమిటంటే, అడ్డబండల మీద అంకెలు వేయడం.

అడ్డబండ అంటే చెప్పాలి. నాపరాళ్లను పడుకోబెడితే విరుగుతాయి. అందుకని గోడ వెంట ఒకదానికొకటి ఆనించి నిలబెట్టేవాళ్లు. ఒక గని నుంచి వచ్చిన సరుకంతా ఒక లాటు. ఒక లాటు పక్కనే ఇంకో గనిది నిలబెడితే ఏది ఎవరిదో తెలియదు కదా, అందుకని ఒక లాటు ముగిసిన చోట పనికిరాని రాతి చెక్కను ఒకదాన్ని అడ్డంగా తిప్పి, సగం బయటికి పొడుచుకొచ్చేట్టు నిలబెట్టేవాళ్లు. అదే అడ్డబండ. దాని మీద నేను జాజుతో ఆ లాటు లెక్క ఎర్రగా రాసేదాన్ని. ఉదాహరణకు ఒక వరసలో మొదటి గనివి నలభై, తరువాతి గనివి ముప్పై, ఆ తరువాతవి ఇంకో ముప్పై అనుకోండి. ఒక్కో లాటు పక్కన దాని అంకె, వరస చివర గోడ మీద వంద అని గుండ్రంగా చుట్టి రాసేదాన్ని. డిపోలో అడుగుపెట్టిన వాళ్లెవరైనా వరస వెంట నడుస్తూ ఎవరి గనిది ఎంతో చదువుకుంటూ పోవచ్చు. డిపోలో ఇది అందరికీ తెలుసు. లారీ డ్రైవర్లకు తెలుసు, చాయ్ తెచ్చేవాడికీ తెలుసు.

తెలియనివాడు ఒక్కడే వచ్చాడు.

సేటుకు పప్పు మిల్లు కూడా ఉండేది. కందులు వచ్చే రోజుల్లో డిపో ముఖం చూసే తీరిక ఆయనకు ఉండేది కాదు. ఆ ఏడు తన భార్య తమ్ముణ్ని మేనేజరుగా పంపాడు. బామ్మర్ది అంతకుముందు పరిగిలో బట్టల దుకాణం నడిపి మూసేసి వచ్చాడు. దుకాణం ఎందుకు మూతపడిందో మాకెవరూ చెప్పలేదు. ఆయన పని చూశాక ఎవరూ చెప్పాల్సిన పని కూడా లేకపోయింది.

వచ్చిన మొదటి రోజే గేటు దగ్గర కుర్చీ వేయించుకున్నాడు. అమ్మ ఆ గేటు దగ్గరే కూర్చుని తమలపాకు వేసుకునేది. "గీడ కూసోవద్దు, లోపలికి వో," అన్నాడు. నేను జాజు గిన్నె పట్టుకుని వెళ్తుంటే చూసి, "గీ పోరి ఎర్రగీతలు గీస్తే దానికి జీతమా?" అని పక్కవాళ్లతో నవ్వాడు. నేను కూడా నవ్వాను. లోపల మాత్రం ఒక అడ్డబండ నిలబెట్టి, మొదటి అంకె వేసుకున్నాను.

రెండు రోజులు డిపో అంతా చేతులు వెనక కట్టుకుని తిరిగాడు. సేటుకు సరుకు లెక్క చెప్పాడు. ఆ లెక్క ఎంతో, ఎట్లా చేశాడో మాకు తెలియదు. ఒక్క మాట అడిగి ఉంటే అమ్మ చెప్పేది. ముఠా ఆడదాన్ని అడిగితే తన కుర్చీ ఎత్తు తగ్గుతుందనుకున్నాడేమో.

వికారాబాదు నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చి సరుకు మాట్లాడుకున్నాడు. లారీలు వచ్చాయి. మొదటి రెండు వరసలు ఎక్కించాం. అక్కడ మొదలైంది గొడవ. బామ్మర్ది అనుకున్న లెక్కలో సగమే లారీలకు ఎక్కింది. మిగిలింది ఎక్కడ అని డ్రైవరు అడిగాడు. బామ్మర్ది గబగబా వెనక షెడ్డు దగ్గరికి పోయి తాళం తీయించాడు. లోపల వెదురు బొంగులు, గోనె సంచులు, విరిగిన చెక్కలు తప్ప ఏమీ లేవు. ఎప్పుడూ అవే ఉంటాయి.

ఆయన బయటికి వచ్చి, అందరూ వింటుండగా అమ్మ మీద పడ్డాడు.

"సగం మాలు ఏడవాయె? తాళంచెవి ఎవరి దగ్గరున్నది? నీ దగ్గర్నే గద!"

"ఏ మాలు సాబ్? షెడ్డుల ఎన్నడు మాలు వెట్టలె," అంది అమ్మ.

"దొంగలంత గిట్లనే అంటరు. నా లెక్క నాకున్నది."

డిపోలో అందరూ చేతిలో పని ఆపేశారు. అమ్మ కొంగు ముడిని గుప్పిట్లో పట్టుకుంది. ఎప్పుడూ ఎవరి చేతా మాట పడని మనిషి. అది చూసి ఆయనకు ఇంకా ధైర్యమొచ్చింది. "నీ ఇల్లు జూస్త," అంటూ గడ్డపార పట్టించుకుని మా ఇంటికి నడిచాడు.

మా ఇల్లంతా మట్టి నేలే. పొయ్యి ముందర మాత్రం మూడు బండలు ఉండేవి. నేను పుట్టిన ఏడు సేటే ఇచ్చాడట వాటిని. నాన్న తన చేత్తో అంచులు చెక్కి, అలుకు నీళ్లు కూడా దూరే సందు లేకుండా పరిచాడు. అమ్మ రోజూ ఆ బండల మీద కూర్చునే వండేది. నాన్న మా ఇంట్లో మిగిల్చిపోయింది ఆ మూడు బండలే. బామ్మర్ది వాటిని చూడగానే, "ఇగో, దొరికినయ్," అన్నాడు. గడ్డపార పెట్టి తనే పెకిలించాడు. పొయ్యి ఒక వైపు కూలింది. పొద్దుటి గంజి నేల పాలైంది. మూడింటినీ వీధిలోకి మోయించి, మా గుమ్మం ముందు నిలబెట్టి, వీధి వీధంతా చూసేట్టు, "సేటు మంగళారం వస్తడు. అప్పటిదాక ఎవరన్న ముట్టిండ్రా, చూడుండ్రి," అన్నాడు. తాళంచెవులు అమ్మ కొంగు నుంచి తనే విప్పుకున్నాడు. ఒక పరాయి మగవాడు మా అమ్మ కొంగు ముడి విప్పాడు. ఆ ఒక్క పనికే నేను అతన్ని ఈ జన్మలో వదలకూడదు అనుకున్నాను.

అమ్మ ఏడవలేదు. ఇటుకలు మూడు తెచ్చి వాకిట్లో పెట్టి వంట చేసింది. వంట చేస్తూ ఆ బండలనే చూస్తూ ఉంది.

మరునాడు బామ్మర్ది నన్ను పిలిచాడు. సేటుకు చూపించడానికి కాగితం రాయాలట. ఆయన రాత ఆయనకే చదవ రాదు. తల్లిని దొంగ అని కూతురి చేత రాయించుకోవడానికి ఆయనకు కొంచెం కూడా సిగ్గనిపించలేదు. "జర సాఫుగ రాయి," అని చెప్పడం మొదలుపెట్టాడు.

"మూడో వరస. నిలవెట్టినయి వంద. చిట్టీలవి నలభై, ముప్పై, ముప్పై. మొత్తం రెండొందలు."

"చిట్టీలంటే ఏంది సాబ్?" అన్నాను.

"గవే, అడ్డం వెట్టినవి. నీకు నువ్వే రాసుకుంటవ్, తెల్వదా? దుకాణంల ముందట చిట్టీ ఉంటది, మూట వెనక గోదాంల ఉంటది. గా చిట్టీల మాలంత షెడ్డుల ఉండాలె. ఏది? లేదు!"

నేను తల ఎత్తలేదు. ఎత్తితే నా ముఖం చూస్తాడని భయం. బట్టల దుకాణం బుద్ధి తీసుకొచ్చి బండల డిపోలో పెట్టాడు! అడ్డబండ మీది నలభై అంటే దాని పక్కన నిలబడ్డ నలభై కాదు, లోపల ఎక్కడో మూటగట్టి ఉన్న ఇంకో నలభై అనుకున్నాడు. ఉన్న బండల్నే రెండుసార్లు ఎంచి, రెండోసారి ఎంచినవి కనబడడం లేదని మా పొయ్యి పీకాడు. కాగితాన్ని ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నాను, కోపంతో కాదు, సంతోషంతో. "ఇంక చెప్పుండ్రి సాబ్," అన్నాను. ప్రతి వరసా, ప్రతి లాటూ వివరంగా రాయించుకున్నాను. ఎక్కడైనా ఆయన తొందరపడితే, "అడ్డబండలవి వేరే, నిలవెట్టినయి వేరే చెప్పుండ్రి, సేటుకు మంచిగ అర్థమయితది," అని నేనే ఆపాను. నా జన్మలో అంత అందంగా ఎప్పుడూ రాయలేదు.

ఇంటికి రాగానే అమ్మకు చెప్పాను. ఆమె చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది.

"రాసినవా?"

"రాసిన."

"తప్పుల్లేకుంట రాసినవా?"

"సంతకం గుడ వెట్టించుకున్న."

"మంచిది బిడ్డా. ఇప్పుడే చెప్పకు. సేటు రానీ, కాంట్రాక్టరు రానీ, ముఠా అంత ఉండంగ తేలాలె. నన్ను నలుగుట్ల అన్నడు, వానికి గుడ నలుగుట్లనే తేలాలె."

మా అమ్మ అంటే నాకు మొదటి నుంచీ ఇష్టమే. ఆ పూట ఎంత ఇష్టం కలిగిందో చెప్పలేను.

కానీ మంగళవారం దాకా ఆగడం తేలిక కాలేదు. కాంట్రాక్టరుకు చూపించడానికి బాగుంటుందని, బండలన్నీ కొలతల వారీగా మార్చి నిలబెట్టమన్నాడు బామ్మర్ది. రెండడుగులవన్నీ ఒక దిక్కు, అడుగున్నరవి ఒక దిక్కు. అడ్డబండలన్నీ తీసి పారేయమన్నాడు. అట్లా మార్చితే గనుల లాట్లన్నీ కలిసిపోతాయి. నలభై ఏవో, ముప్పై ఏవో చూపించడానికి ఏమీ మిగలదు. ఆయన కాగితం ఒక్కటే నిలుస్తుంది. మా అమ్మ ఎప్పటికీ దొంగగానే ఉండిపోతుంది.

అమ్మ ముఠాతో ఏం చెప్పిందో నేను వినలేదు. కానీ ఆ రోజు నుంచి డిపోలో ఏ పనీ ముందుకు కదల్లేదు. ఒకామెకు నడుము పట్టేసింది. ఇంకొకామె బిడ్డకు జ్వరం. ఒక బండ ఎత్తితే నలుగురు పట్టుకునేవాళ్లు, నాలుగు అడుగులు వేసి దించి ఆయాసపడేవాళ్లు. బామ్మర్ది అరిచినప్పుడల్లా, "చేస్తున్నం గద సాబ్," అనేవాళ్లు. సోమవారం సాయంత్రానికి కొలతలకు మారినవి ఒక మూలన పదో పదిహేనో, అంతే. మిగతా వరసలు, అడ్డబండలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ముఠాలో ఒక ముస్లిం ఆమె ఉండేది. ఖాలా అని పిలిచేవాళ్లం. ఎవరి బాధ చూసినా కరిగిపోయే మనిషి. ఆవిడకు కూడా సంగతి తెలుసు. ఆయన పరేషాన్ అయి తిరుగుతుంటే చూడలేక, "అరే సాబ్, వో అడ్డబండ ఉన్నది గదా..." అని మొదలుపెట్టింది. అమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో, ఆవిడ చెయ్యి పట్టుకుని నీళ్ల కుండ దగ్గరికి లాక్కుపోయింది.

"పాపం, తెల్వక చేసిండమ్మా," అంది ఖాలా.

"లెక్క తెల్వక చేసిండు. నా పొయ్యి తెలిసే పీకిండు," అంది అమ్మ.

"హౌ, అది నిజం," అని ఖాలా కూడా నడుము పట్టుకుని కూర్చుంది.

మంగళవారం సేటు వచ్చాడు, కాంట్రాక్టరు వచ్చాడు. బామ్మర్ది అదే నీలం గీతల చొక్కా ఉతికించి వేసుకుని వచ్చాడు. మరక పోలేదు. నా చేత్తో రాసిన కాగితం తీసి, గొంతు సవరించుకుని చదివాడు. అంతా విని సేటు అమ్మ వైపు చూశాడు. కోపంగా కాదు, బాధగా చూశాడు. అది ఇంకా నొప్పించింది.

అప్పుడు అమ్మ ముందుకొచ్చింది. "సేటూ, నన్ను జైలుకు తోలు, వోత. గని ఒక్క వరస ఎంచుండ్రి. సాబే ఎంచాలె, మేము ముట్టం."

బామ్మర్ది మూడో వరస దగ్గర నిలబడి ఒక్కో బండను వేలితో తాకుతూ ఎంచాడు. నలభై దగ్గరికి వచ్చాడు. అడ్డబండ తగిలింది.

"గిది?" అన్నాను నేను.

"నలభై. చిట్టీ."

"ఇప్పుడు మీరు ఎంచినయి ఎన్ని సాబ్?"

"నలభై." అని, అడ్డబండ వైపు మళ్లీ చూసి, "గవి వేరే, గివి వేరే," అన్నాడు. కానీ గొంతు తగ్గింది.

"తర్వాతవి ఎంచుండ్రి," అంది అమ్మ.

ముప్పై ఎంచాడు. అడ్డబండ మీద ముప్పై. మళ్లీ ముప్పై ఎంచాడు. అడ్డబండ మీద ముప్పై. గోడ మీద వంద. ఆయన మెడ వెనక చెమట కారడం నేను దగ్గర నిలబడి చూశాను. కళ్లారా చూశాను. కాంట్రాక్టరుకు ముందు అర్థమైంది. "ఏందయ్యా, పెండ్లికి వచ్చినోళ్లను ఎంచి, పటం దిగిన తర్వాత పటంల ఉన్నోళ్లను గుడ ఎంచినవా?" అన్నాడు. ముఠా అంతా ఒక్కసారి నవ్వింది. ఖాలా ఎంత నవ్విందంటే కూర్చోవలసి వచ్చింది. సేటు మాత్రం నవ్వలేదు. బామ్మర్ది చేతిలో కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"అయింది ఏదో అయింది. పొరపాటు. ఇగ వదిలెయ్యమ్మా," అన్నాడు సేటు. తాళంచెవులు ఇప్పించి అమ్మ చేతిలో పెట్టాడు. "మేస్త్రీని తోలిస్త, నీ బండలు పరుస్తడు."

"మేస్త్రీ వద్దు సేటూ," అంది అమ్మ. "ఎవరు పీకిండ్రో వాళ్లే పరవాలె. వీధిల నిలవెట్టిండు గద, వీధిలకెల్లే మొయ్యాలె."

సేటు బామ్మర్ది వైపు చూశాడు. కాంట్రాక్టరు పక్కనే ఉన్నాడు, సరుకు ఇంకా పోవలసి ఉంది, పేర్చిన ముఠా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "పో," అన్నాడు సేటు.

ఆ మధ్యాహ్నం మా వీధిలో ఎవరూ ఇంట్లో లేరు. అందరూ అరుగుల మీదే ఉన్నారు. బామ్మర్ది ఒక్కో బండను పొట్టకు ఆనించుకుని మోశాడు. మోకాళ్ల మీద కూర్చుని మా పొయ్యి ముందర పరిచాడు. అమ్మ గడప మీద కూర్చుని తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "గా మూల జర లేచింది సాబ్," అని చెబుతూ ఉంది. రెండు సరిగానే కూర్చున్నాయి. మూడోదాని కింద ఏదో గులకరాయి ఉండిపోయింది. తొక్కితే టక్కుమనేది. "మళ్ల తీస్త," అన్నాడు ఆయన లేవబోతూ.

"వద్దు. ఉండనీ," అంది అమ్మ.

ఆయన ఇంకో రెండేళ్లు డిపోలోనే ఉన్నాడు. ప్రతి లాటు దిగినప్పుడు ఎంచి నాకు గట్టిగా చెప్పాలని సేటు ఆజ్ఞ. ఆయన చెప్పేవాడు, నేను జాజు వేలుతో నిలబడి, "వినపడలె సాబ్," అనేదాన్ని. మళ్లీ చెప్పేవాడు. కొన్నిసార్లు మూడోసారి కూడా చెప్పించుకున్నాను. అడ్డబండ మీద అంకెలు అప్పటి నుంచి ముందుకంటే రెండింతలు పెద్దగా రాశాను.

ఎనభైల్లో నాకు పెళ్లయి వికారాబాదు వచ్చేశాను. అమ్మ ఇంట్లో సిమెంటు గచ్చు చేయిస్తే, మేస్త్రీ ఆ మూడో బండ సరిచేస్తానన్నాడట. చెయ్యి వేయనివ్వలేదు. రోజూ పొద్దున పొయ్యి దగ్గరికి పోతూ దాన్ని తొక్కేది. టక్కుమనేది. "ఆ, ఉన్నడు," అని పొయ్యి ముట్టించుకునేది.

అమ్మ పోయాక ఆ ఇంటి నుంచి నేను తెచ్చుకున్నది ఆ బండ ఒక్కటే. ఇప్పుడు వికారాబాదులో మా వంటింట్లో ఉంది. కింద గులకరాయి పెట్టి పరచమంటే మేస్త్రీ నన్ను వింతగా చూశాడు. చెప్పినట్టు చెయ్యమని, పక్కనే నిలబడి వేయించుకున్నాను.